పల్లెకూ మహానగరానికీ నడుమ: చిన్న పట్టణాల్లో ముస్లింల హక్కులు

(రెండు తెలుగు రాష్ట్రాల చిన్న పట్టణాల నుండి వచ్చిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి ఆదోని, కదిరి, ప్రొద్దుటూరు, నంద్యాల, మదనపల్లె నుండి మిత్రులు వచ్చారు. బోధన్, కోరుట్ల, తాండూరు, జహీరాబాదు నుండి వచ్చినవారూ ఉన్నారు. ఈ పేర్లు వింటే మనసులో పల్లె మెదలదు, మహానగరమూ మెదలదు. ఒక బస్టాండు, ఒక రైల్వే గేటు, ఒక మార్కెట్ యార్డు, జామా మసీదు చుట్టూ అల్లుకున్న ఇరుకు వీధులు, బైపాస్ రోడ్డు పక్కన మెకానిక్ షెడ్లు మెదులుతాయి. ఇక్కడి యువకుడు ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదు వెళితే అక్కడ అతన్ని ‘జిల్లా నుండి వచ్చినవాడు’ అంటారు. పక్క పల్లెకు పెళ్లికి వెళితే ‘టౌను మనిషి’ అంటారు. ఈ రెండు మాటల నడుమ ఉన్న జీవితాన్ని గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

నేను మీ ముందు ఉంచదలచిన విషయం ఒక్కటే. చిన్న పట్టణాల్లోని ముస్లింలకు అవసరమైన హక్కుల్లో చాలా భాగం ఇప్పటికే చట్టాల్లో రాసి ఉంది. అవి చేతికి అందవలసిన చోటు పురపాలక కార్యాలయం. ఆ కార్యాలయంతో మన సంఘాలకున్న సంబంధం చాలా తక్కువ. ఈ లోటును పూడ్చుకోనంత కాలం రాజధానుల్లో మనం సాధించుకున్న విజయాలు మన వీధి దాకా రావు.

లెక్కలు చెబుతున్నది

ముందుగా మనం ఎక్కడ ఉన్నామో చూద్దాం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 31.2 శాతం. ముస్లింలలో పట్టణవాసులు 39.9 శాతం. అంటే దేశంలోని ప్రతి పదిమంది ముస్లింలలో దాదాపు నలుగురు పట్టణాల్లో ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాటా ఇంకా ఎక్కువ. అక్కడి ముస్లింలలో సగానికి పైగా పట్టణవాసులే. పట్టణాల పరిస్థితి ఎలా ఉంటే మన సమాజ పరిస్థితి చాలావరకు అలా ఉంటుంది.

పట్టణం అనగానే హైదరాబాదే గుర్తుకు రావడం మనకు అలవాటు. పత్రికలు ముస్లిం జీవితాన్ని గురించి రాయాలనుకుంటే చార్మినార్ బొమ్మ వేస్తాయి. లెక్క మరోలా ఉంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలు సుమారు 81 లక్షలు. హైదరాబాదు జిల్లాలో ఉన్నవారు సుమారు 17 లక్షలు. దాని చుట్టూ ఉన్న నాటి రంగారెడ్డి జిల్లాలోని ఆరు లక్షల పైచిలుకు మందిని కలిపినా మొత్తంలో మూడో వంతు కాదు. మిగిలిన 57 లక్షల మంది పల్లెల్లో, చిన్న పట్టణాల్లో, జిల్లా కేంద్రాల్లో ఉన్నారు.

దేశమంతటా కూడా పట్టణ జీవితం చిన్న ఊళ్లలోనే ఎక్కువగా విస్తరిస్తోంది. పది లక్షలు దాటిన నగరాలు 2011లో 53. వాటిలో ఉన్నది పట్టణ జనాభాలో దాదాపు 43 శాతం. అంతకంటే ఎక్కువ మంది వాటికి వెలుపలి పట్టణాల్లో నివసిస్తున్నారు. జనగణన శాఖ ‘సెన్సస్ టౌన్’ అని ఒక వర్గాన్ని గుర్తిస్తుంది. జనాభా కనీసం 5,000 ఉండాలి. పురుష శ్రామికుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ఇవన్నీ ఉన్నా, ప్రభుత్వం పట్టణంగా ప్రకటించలేదు కనుక ఆ ఊళ్లలో పంచాయతీ పాలనే సాగుతుంది. 2001లో ఇటువంటి ఊళ్లు 1,362. 2011 నాటికి సుమారు 3,900. బతుకు పట్టణానిది, పాలన పల్లెది. నడిమి స్థితి అంటే ఇదే.

పట్టణమూ మన వృత్తులూ

ముస్లింలు పట్టణాల్లో ఎందుకు ఎక్కువగా ఉన్నారు? మన తాతముత్తాతల్లో చాలామందికి సాగుభూమి లేదు. కోట, కస్బా, సంత, సరాయి, ఖాజీ కచేరీ ఉన్న చోట బతుకుతెరువు దొరికింది. దర్జీ పని, గాజుల మలారం, అత్తరు, సున్నం బట్టీ, దూదేకడం, గుర్రపు బండి, మాంసం దుకాణం, ఇవన్నీ నలుగురు చేరే చోట సాగే పనులు. కాలం మారింది. గుర్రపు బండి ఆటో అయింది. దూదేకే ఇంటి పిల్లలు పరుపుల దుకాణం పెట్టుకున్నారు. కమ్మరి కొలిమి స్థానంలో వెల్డింగ్ షాపు వచ్చింది. పంచరు షాపు, బేకరీ, పండ్ల బండి, పాత ఇనుము, లారీ బాడీ పని, పాలిష్ బండల యూనిట్‌లో కూలి, ఇంట్లో కూర్చుని చుట్టే బీడీ. మన చిన్న పట్టణాల్లో మన ఆర్థిక జీవితం ఇదే.

ఈ పనులకు ఒక ఉమ్మడి లక్షణం ఉంది. జీతం చీటీ ఉండదు, పెన్షన్ ఉండదు, పనిచేసే స్థలం మీద హక్కు పత్రం ఉండదు. రోడ్డు వెడల్పు చేస్తే షెడ్డు పోతుంది. బస్టాండు ఊరి బయటకు మారితే బండ్ల మీద వ్యాపారం కూలిపోతుంది. ఊరికి ఆధారమైన ఒక్క పరిశ్రమ మూతపడితే ఊరంతా కుంగిపోతుంది. బోధన్‌లో 1930లలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరుపొందిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. మహానగరంలో ఒక కర్మాగారం మూతపడితే కార్మికుడు మరో చోట వెతుక్కోగలడు. దాదాపు 77 వేల జనాభా ఉన్న పట్టణంలో అటువంటి మరో చోటు ఎక్కడుంది? కార్మికుని జీతం ఆగితే కిరాణా కొట్టు, దర్జీ, టీ కొట్టు, ఆటో, ట్యూషన్ చెప్పే పంతులు అందరూ దెబ్బతింటారు. చిన్న పట్టణం ఒకే తాడుకు వేలాడే బతుకు.

అటు పల్లెలో రైతు కూలీకి 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. అది గ్రామీణులకు ఉద్దేశించిన చట్టం. పంచాయతీ కాస్తా నగర పంచాయతీగా, పురపాలక సంఘంగా మారిన రోజున అక్కడి కూలీలకు ఆ హామీ పోతుంది. ఇంటి పన్ను మాత్రం పెరుగుతుంది. పట్టణ పేదలకు అటువంటి హామీ చట్టాన్ని కేంద్రం చేయలేదు. కూలి చేసుకునే మనిషి కదలలేదు, అతని ఊరి బోర్డు మారింది, హక్కు పోయింది.

గీతకు ఇవతల మిగిలినవారు

పట్టణాల కోసం వచ్చిన పథకాలు చిన్న పట్టణాలను ఎలా చూశాయో గమనించండి. 1979లో చిన్న, మధ్యతరహా పట్టణాల సమగ్రాభివృద్ధి పథకం ఒకటి మొదలైంది. అంటే సమస్య ఉందని ఢిల్లీకి అప్పుడే తెలుసు. 2005 డిసెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట వచ్చిన పట్టణ నవీకరణ మిషన్ దేశంలోని అరవై పైచిలుకు నగరాలను ప్రధానంగా ఎంచుకుంది. మన వైపు నుండి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటివి అందులో చేరాయి. 2015 జూన్‌లో స్మార్ట్ సిటీస్ మిషన్ వంద నగరాలతో మొదలైంది. తెలంగాణ నుండి వరంగల్, కరీంనగర్. ఆంధ్రప్రదేశ్ నుండి విశాఖపట్నం, తిరుపతి, కాకినాడ, అమరావతి ఎంపికయ్యాయి. ముస్లింలు గణనీయంగా ఉన్న కర్నూలు, కడప, నిజామాబాదు, గుంటూరు ఆ జాబితాలో లేవు.

అదే రోజున మొదలైన అమృత్ పథకం లక్ష జనాభాను ప్రమాణంగా తీసుకుంది. 2011 లెక్కల ప్రకారం ఆదోని జనాభా సుమారు 1.66 లక్షలు. కదిరి సుమారు 89 వేలు. ఆదోని గీతకు అవతల, కదిరి గీతకు ఇవతల. దాహానికి మాత్రం గీత లేదు. 2021 అక్టోబరులో వచ్చిన రెండో విడత అమృత్ తాగునీటి పనులను పురపాలక పట్టణాలన్నింటికీ విస్తరించింది. ఆరేళ్లు ఆలస్యమైనా ఆ నిర్ణయం మంచిదే. మన పట్టణానికి ఆ పథకం కింద ఏ పని మంజూరైంది, పైపు ఏ వార్డు దాకా వచ్చి ఆగింది అని అడిగినవారు మనలో ఎందరు?

మైనారిటీల పేరిట వచ్చిన పథకంలోనూ ఇదే కథ. 2008లో మొదలైన బహుళరంగ అభివృద్ధి కార్యక్రమం జిల్లాను కొలమానంగా తీసుకుంది. దేశంలో 90 జిల్లాలు ఎంపికయ్యాయి. జిల్లా సగటు చిన్న పట్టణాన్ని దాచేస్తుంది. పట్టణంలో ముస్లింలు నూటికి నలభై మంది ఉండి, చుట్టూ ఉన్న పల్లెల్లో ఏడెనిమిది మందే ఉంటే జిల్లా లెక్కలో వారు నూటికి పది పన్నెండు మందిగా మిగులుతారు. ఈ లోపాన్ని తర్వాత కొంత సరిచేశారు. 2018లో ఆ పథకాన్ని ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమ్‌గా మార్చినప్పుడు 870 బ్లాకులతో పాటు 321 పట్టణాలను, 109 జిల్లా కేంద్రాలను విడిగా గుర్తించారు. ఆ తరువాత దాన్ని అన్ని జిల్లాలకు విస్తరించి, పని చేపట్టే చోటికి 15 కిలోమీటర్ల పరిధిలో మైనారిటీలు నాలుగో వంతుకు మించి ఉండాలన్న నిబంధన పెట్టారు. చుట్టూ పల్లెలున్న చిన్న పట్టణాన్ని ఈ పరిధి మళ్లీ పలుచన చేసే ప్రమాదం ఉంది. ప్రతిపాదన జిల్లా స్థాయిలో తయారవుతుంది. వార్డు వారీ లెక్కలు చేతిలో పెట్టుకుని కలెక్టర్ కార్యాలయానికి వెళ్లేవారుంటే వాదన నిలుస్తుంది. ఎవరూ వెళ్లకపోతే ఫైలే ఉండదు.

బడి, ఆస్పత్రి, పొరుగు

ఈ నడిమి స్థితికి ఎక్కువ మూల్యం చెల్లిస్తున్నది మన ఆడపిల్లలు. మాతృభాషలో బోధన గురించి రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది ప్రాథమిక దశకే పరిమితం. చిన్న పట్టణంలో ఉర్దూ మాధ్యమంలో అయిదో తరగతి దాకా చదివిన అమ్మాయికి ఆరో తరగతి ఎక్కడ? ఉన్నత పాఠశాల ఊరికి ఆ చివర ఉంటుంది, అక్కడ ఉర్దూ పోస్టు ఖాళీగా ఉంటుంది. తండ్రి ఆటో ఖర్చు లెక్క వేస్తాడు, తల్లి దారి గురించి భయపడుతుంది. ఆ ఇంట్లో చదువు మీద వ్యతిరేకత లేదు. బడికీ ఇంటికీ మధ్య ఉన్న రెండు మూడు కిలోమీటర్లే అడ్డు. దీన్ని మత ఛాందసం అని తేల్చేసేవారు ఆ దారిలో ఒక్కసారి నడిచి చూడాలి. తెలంగాణలో 2016లో 71 మైనారిటీ గురుకులాలు మొదలై, తరువాత 204కు పెరిగినప్పుడు చిన్న పట్టణాల తల్లిదండ్రులు ఆడపిల్లలను అక్కడికి పంపారు. భద్రమైన చోటు చూపితే పంపుతారనడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు. మరోవైపు ఒకటి నుండి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ విద్యార్థులకిచ్చే ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని కేంద్రం 2022లో నిలిపివేసింది. మొత్తం చిన్నదే. ఒక పండ్ల బండి ఇంట్లో అది యూనిఫారానికి, నోటు పుస్తకాలకు సరిపోయేది.

ఆస్పత్రి సంగతీ ఇంతే. ప్రాంతీయ ఆస్పత్రి భవనం ఉంటుంది, నిపుణుడైన వైద్యుడు ఉండడు. ప్రసవం కష్టమైతే, గుండె నొప్పి వస్తే పెద్ద నగరానికి వెళ్లమని చీటీ రాసిస్తారు. మహానగరంలో పేదవానికి ఆస్పత్రి వరుస కష్టం. చిన్న పట్టణంలో ఆ వరుస దాకా చేరడమే కష్టం.

చిన్న పట్టణానికి ఉన్న బలాన్ని కూడా చెప్పాలి. ఇక్కడ మనుషులకు ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు. ఉగాది రోజున కడపలో ముస్లింలు దేవుని కడప ఆలయానికి వెళ్లడం, నెల్లూరు బారా షహీద్ దర్గా రొట్టెల పండుగకు అన్ని మతాలవారు రావడం, అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగను ఊరంతా చేసుకోవడం మనకు తెలిసినవే. ఈ పరిచయమే మన రక్షణ కవచం. దాన్ని ఎవరైనా వదంతులతో తెంచితే చిన్న పట్టణంలో దెబ్బ రెట్టింపు అవుతుంది. మహానగరంలో ఒక వీధిలో వ్యాపారం ఆగితే మరో వీధికి పోవచ్చు. ఇక్కడ కొనేవారు, అమ్మేవారు, అప్పిచ్చేవారు అందరూ ఆ నాలుగు వీధులవారే. అందుకని పొరుగువారితో సంబంధాన్ని పండుగ నాటి మర్యాదగా మాత్రమే చూడకూడదు. మురుగు కాలువ, మంచినీరు, వీధి దీపం కోసం దళిత, బీసీ, ఇతర పేద కుటుంబాలతో కలిసి వెళ్లే అలవాటే ఆ సంబంధాన్ని నిలబెడుతుంది. కాలువ పొంగితే అందరి ఇళ్లలోకీ వస్తుంది.

పురపాలక కార్యాలయంలో ఉన్న హక్కులు

ఇక చేయవలసిన పనికి వద్దాం. మనం అడగగల, అడగవలసిన విషయాలు కొన్ని చెబుతాను.

మొదటిది, వీధి వ్యాపారుల చట్టం. 2014లో పార్లమెంటు చేసిన ఈ చట్టం మహానగరాలకే పరిమితం కాదు. చిన్న పట్టణాల పురపాలక సంఘాలకూ వర్తిస్తుంది. అయిదేళ్లకొకసారి వీధి వ్యాపారులను సర్వే చేయాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవారిని తొలగించరాదు. స్థలం మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టం పేరు పెట్టి చెప్పింది. మైనారిటీ అన్న మాట ఇంత స్పష్టంగా ఉన్న పట్టణ చట్టాలు అరుదు. మీ పట్టణంలో ఆ కమిటీ ఉందా? అందులో ఎవరున్నారు? చివరి సమావేశం ఎప్పుడు జరిగింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన నాడు బండ్లు ఎత్తివేసే లారీ ముందు మన యువకులు ఒట్టి చేతులతో నిలబడనక్కరలేదు.

రెండవది, పేరు. మన ఇళ్లలో ఒకే మనిషికి నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లుంటాయి. ఒకచోట ‘షేక్’, ఒకచోట ‘ఎస్.కె.’, ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ‘బీ’, ఒకచోట ‘బేగం’. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఓటరు నమోదు, డ్రైవింగ్ లైసెన్సు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. పట్టణంలో ఆ పత్రం ఇచ్చేది పురపాలక సంఘమే. శిశువు పేరు లేకుండా నమోదైతే ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తరువాతైనా రుసుముతో వీలుంది. ప్రతి మసీదు కమిటీ నెలకొక జుమా నాడు ఒక బల్ల వేసి, చదువుకున్న ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను కూర్చోబెట్టి ఈ పత్రాలను సరిచూడగలదు. ఇందుకు నిధులు అక్కరలేదు. ఓటర్ల జాబితా, రేషన్ కార్డు కూడా ఆ బల్ల మీదే చూడవచ్చు.

మూడవది, రిజర్వేషన్ ధ్రువపత్రం. 2007 చట్టంతో పద్నాలుగు ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. సుప్రీంకోర్టు 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది అమలులో కొనసాగింది. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-బి కిందకు వస్తారు. ఎంత పెద్ద న్యాయస్థానంలో ఎంత గొప్ప వాదన జరిగినా, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే ఒక్క కాగితం సమయానికి అందకపోతే ఆ సీటు మన బిడ్డకు రాదు. చిన్న పట్టణాల్లో ఎన్నో దరఖాస్తులు ఆగిపోయేది అక్కడే. కౌన్సెలింగ్ తేదీకి రెండు నెలల ముందే ఈ పని ముగించాలి. 2027 జనగణనలో కులాన్ని కూడా నమోదు చేయాలని కేంద్రం నిర్ణయించింది. అత్తరు సాయిబులు, ఖురేషీలు, ఫకీర్లు, దూదేకులవారు తమ సమూహం పేరు సరిగా నమోదయ్యేలా చూసుకోవాలి. లెక్కలో లేనివారికి వాటా అడిగే దారి ఉండదు.

నాలుగవది, బడి కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ బాధ్యత. ఉర్దూ పోస్టు ఖాళీ అని, మరుగుదొడ్డి లేదని, అయిదు తర్వాత ఏడు దాకా తరగతులు కావాలని ఆ కమిటీ తీర్మానం చేసి పంపితే అది ప్రభుత్వ రికార్డు అవుతుంది. మనం విడిగా ఇచ్చే వినతి పత్రం అధికారి బల్ల మీద మరో కాగితం మాత్రమే.

అయిదవది, వార్డు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు ప్రాణం పోసింది. అందులోని 243-ఎస్ అధికరణం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. ఇక్కడ కూడా చిన్న పట్టణం గీతకు ఇవతలే మిగిలింది. కానీ రాష్ట్ర చట్టాలు కొంత దారి చూపాయి. తెలంగాణ 2019 పురపాలక చట్టం ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరు కమిటీలు ఉండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి వార్డు సచివాలయాలు ఏర్పడ్డాయి. రెండు రాష్ట్రాల్లోనూ పురపాలక స్థానాల్లో సగం మహిళలకు కేటాయించారు. కాబట్టి మన సోదరీమణులను పోటీకి నిలబెడదాం. గెలిచాక భర్తలు, అన్నదమ్ములు కుర్చీలో కూర్చునే పద్ధతిని మానుకుందాం. పురపాలక బడ్జెట్ ఏటా ఏప్రిల్ నుండి మొదలవుతుంది. అంతకుముందే, మన వార్డుకు గత ఏడాది ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు పట్టుకుని కౌన్సిలర్ దగ్గరకు వెళితే మాట విలువ మారుతుంది.

చిన్న పట్టణం కట్టుకున్న సంస్థలు

ప్రభుత్వాన్ని అడగడంతో పాటు మనం నిర్మించవలసినవీ ఉన్నాయి. చిన్న పట్టణాల్లో అది సాధ్యమా అని సందేహించేవారికి రెండు ఉదాహరణలు. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే తమిళనాడులో వాణియంబాడి ఉంది. తోళ్ల పరిశ్రమ మీద బతికే ఆ చిన్న పట్టణంలోని ముస్లిం వర్తకులు 1919లోనే ఇస్లామియా కళాశాలను నిలబెట్టారు. మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. రాయలసీమలో కరువు, పేదరికం తాండవించిన రోజులవి. ఆయన పేరిటనే 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ రెండు చోట్లా పునాది వేసినవారు మహానగరం వైపు చూస్తూ కూర్చోలేదు. తోళ్ల వ్యాపారి లాభంలో వాటా, సామాన్యుని చందా, పండితుని శ్రమ కలిసి సంస్థ అయ్యాయి.

మన పట్టణాల్లో ఈద్గా పక్కన, దర్గా వెనుక, పాత సరాయి స్థలంలో వక్ఫ్ భూములున్నాయి. వాటిలో చాలావాటికి ముతవల్లీ దగ్గర ఒక పాత సనదో, చిరిగిన పన్ను రసీదో మాత్రమే ఉంది. 2025 వక్ఫ్ సవరణ చట్టంపై మన అభ్యంతరాలు మనకున్నాయి, అవి న్యాయస్థానాల ముందు ఉన్నాయి. ఆ వాదనలు ఎలా ముగిసినా, సర్వే నంబరు, హద్దులు, గెజెట్ ప్రతి, పన్ను రసీదు మన చేతిలో ఉండాలి. మహానగరంలోని ఆస్తికి న్యాయవాదులు దొరుకుతారు, చిన్న పట్టణంలోని ఆస్తి నిశ్శబ్దంగా జారిపోతుంది. కాపాడుకున్న స్థలంలో నాలుగు దుకాణాలు వేసి, ఆ అద్దెతో ఆడపిల్లలకు ఒక వసతిగృహం, పోటీ పరీక్షలకు ఒక చదువుల గది నడిపితే వక్ఫ్ చేసిన పెద్దల ఉద్దేశం నెరవేరుతుంది.

ఒక అభ్యంతరం

ఇదంతా విని కొందరు మిత్రులు అడగవచ్చు: ‘దేశంలో మన పౌరసత్వం గురించి, మన ప్రాణాల గురించి ఇంత పెద్ద ప్రశ్నలు లేచిన కాలంలో మీరు కాలువలు, ధ్రువపత్రాలు అంటారేమిటి?’ ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. పెద్ద ప్రశ్నల మీద పోరాటం సాగవలసిందే. ఆ పోరాటంలోనూ మొదట అడిగేది కాగితమే అని గుర్తుంచుకోండి. పౌరసత్వం మాట వచ్చినా, ఓటు మాట వచ్చినా, అధికారి చేయి చాపేది జనన పత్రం కోసం, ఇంటి పన్ను రసీదు కోసం. పెద్ద హక్కు నిలబడేది ఇటువంటి చిన్న రికార్డుల మీద. ఆ రికార్డులుండే చోటు మన ఊరి పురపాలక కార్యాలయం, మన ఊరి తహసీల్దారు కార్యాలయం.

సచార్ కమిటీ 2006లో, తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో మన వెనుకబాటును నివేదికల్లో నమోదు చేశాయి. ఆ నివేదికలు మనకు భాషనిచ్చాయి, వాదననిచ్చాయి. వాటిలోని మాటను బోధన్ మూడో వీధికి, కదిరి పాత బస్తీకి, ఆదోని మిల్లు కార్మికుల వాడకు చేర్చే మనుషులు మీరు. హైదరాబాదు నాయకులు రావాలని ఎదురుచూడవద్దు. వస్తే ఆహ్వానిద్దాం, రాకపోయినా మన పని ఆగకూడదు.

ఇక్కడి నుండి వెళ్లాక ప్రతి పట్టణం నుండి వచ్చినవారు రెండు పనులు చేయాలని నా విజ్ఞప్తి. పట్టణ వ్యాపార కమిటీ వివరాలు కోరుతూ ఒక దరఖాస్తు, మీ వార్డు బడ్జెట్ కోరుతూ మరొక దరఖాస్తు ఈ నెలలోనే పురపాలక కమిషనర్‌కు ఇవ్వండి. వచ్చిన జవాబులతో మళ్లీ కలుద్దాం. అప్పుడు మన సమావేశంలో ఉపన్యాసాలు తక్కువగా ఉంటాయి, చదవవలసిన కాగితాలు ఎక్కువగా ఉంటాయి. అల్లాహ్ మన శ్రమకు ఫలితమిచ్చుగాక.